కుడివైపు గొంతు

మే 8

ఆంప్లిఫయర్ తిరిగొచ్చింది. తమ్ముడే పై అంతస్తు నుంచి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. సౌండు పెంచే మీటలో దుమ్ము చేరి గరగరలాడుతోందని పోయిన వారం పట్టుకెళ్ళాడు.

"శుభ్రంగా తుడిచానక్కా. కొత్తదానిలా ఉంది" అన్నాడు.

"తుడవడానికి వారం పట్టిందా? ఉతికి ఆరేశావా ఏంటి?" అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు.

వాడికి ఈ పెట్టె మీద ఎప్పటినుంచో కన్నుంది. నాన్న పోతూ పోతూ రికార్డులు ఇద్దరికీ, ఆంప్లిఫయర్ మాత్రం నాకు అన్నారు. ఆ మాట వాడికి ఇప్పటికీ అరగలేదు. పైన వాడికి సొంతది ఇంకోటి ఉంది, అయినా సరే.

షాపులో ఫోటో ఫ్రేముల పని ఎక్కువై ఇవాళ ఏమీ వినలేదు.

మే 9

పొద్దున లేవగానే తూలాను. రాత్రి సరిగ్గా తినలేదు, అందుకే అయ్యుంటుంది. తలస్నానం చేస్తుంటే కుడి చెవిలోకి నీళ్ళు పోయినట్టున్నాయి, దూది కుక్కినట్టు దిబ్బడగా ఉంది.

సాయంత్రం షాపు మూసి వచ్చి, మొహం కడుక్కుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎర్రట్ట రికార్డు వేశాను. ముల్లు పడింది. డ్రమ్ములు వచ్చాయి. వాటి కింద బేస్ గిటార్ వచ్చింది. పాడే ఆవిడ రాలేదు.

మొదటి చరణమంతా ఎదురుచూశాను. వాయించేవాళ్ళు వాయించుకుంటూనే ఉన్నారు, పాడే మనిషి లేదు. ఇంకో నాలుగు రికార్డులు మార్చాను. గొంతు చించుకుని అరిచే ఆయనా లేడు, మెత్తగా బతిమాలే ఆయనా లేడు. ఒక్క మీట తుడవమంటే పాటలోంచి మనుషుల్ని తుడిచేశాడు.

మే 10

హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకుని చూశాను. అప్పుడు ఆవిడ వచ్చింది, డ్రమ్ములు పోయాయి. అంటే ఒకవైపు కాదు, రెండువైపులా పాడుచేశాడు వెధవ.

మే 11

మెట్ల దగ్గర నిలబడి కేకేశాను. మరదలి దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లల తల్లులు మెట్ల మీదే ఉన్నారు. ఉంటే ఉండనీ.

వాడు దిగి వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పాట మొత్తం విన్నాడు. నాకు లేని పాటను వాడు తల ఊపుతూ వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"రెండువైపులా వస్తోందక్కా" అన్నాడు.

తర్వాత దాన్ని నా తలకు పెట్టి, "ఇప్పుడు?" అన్నాడు. పాడే ఆవిడ లేదన్నాను. తిప్పి పెట్టి, "ఇప్పుడు?" అన్నాడు. డ్రమ్ములు లేవన్నాను. హెడ్‌ఫోన్ చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. అచ్చం దొంగకు తేలు కుట్టినట్టే.

అప్పుడే నాకు రూఢి అయింది.

"లోపలి సామాను మార్చేశావు కదరా? మంచిది పీకి నీదాంట్లో వేసుకుని, చెత్తది నాకు అంటగట్టావు. నాన్న ఇచ్చిన వస్తువులో దొంగతనం చెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయిరా, దొంగ వెధవా?"

గట్టిగానే అన్నాను. మెట్ల మీదివాళ్ళు మాటలు ఆపి ఇటు తిరిగారు. వాడి మొహం మాడిపోయింది.

"ఆడలేక మద్దెల ఓడందట నీలాంటిదే! తీగలకేం రోగం లేదు. నీ చెవికే పోయేకాలం వచ్చింది, పో!" అని విసవిసా మెట్లెక్కి పోయాడు.

తోడబుట్టిన అక్కకి శాపనార్థాలు పెడతాడా! వాడి నోరు పడిపోను. (ఈ మాట గీత పెట్టి కొట్టేద్దామనుకున్నాను, కానీ ఉండనీ. నా డైరీ నా ఇష్టం.)

మే 12

పోయేకాలం అన్నాడు. నిన్నటి నుంచి ఆ మాటే నమిలి నమిలి మింగుతున్నాను.

వాడికి పాటలు నేర్పిందెవరు? నాన్న ఓ క్లబ్బులో రికార్డులు వేసే పని చేసేవారు. అరిగినవీ, గీతలు పడ్డవీ పారేస్తుంటే ఇంటికి తెచ్చేవారు. అమ్మకు తలనొప్పి, ఆ గిటార్ల మోత పడేది కాదు. అందుకని ఒక పాత హెడ్‌ఫోన్ తెచ్చారు. ఒక్కటే. ఇద్దరం దాని గిన్నెల్లాంటి చెవులు వెనక్కి మడిచి, చెరో గిన్నె చెవికి ఆనించుకుని, తలలు ఢీకొట్టుకుంటూ నేల మీద కూర్చునేవాళ్ళం. పెద్దదాన్ని కాబట్టి కుడి గిన్నె నాది. కాదన్నాడని ఒకసారి మొట్టాను కూడా.

ఆ కాలం స్టీరియో పాటలకి మధ్య అంటూ ఉండదు. వాయించేవాళ్ళందరినీ ఎడమవైపు తోసేసి, పాడేవాళ్ళని కుడివైపు నిలబెట్టేవారు. అలా నాకు గొంతులు వచ్చాయి, వాడికి డ్రమ్ములు వచ్చాయి. వాడు అన్నం కంచం మీదా, బల్ల మీదా, నా వీపు మీదా దరువు వేస్తూ పెరిగాడు. నేను అర్థం తెలియని ఆ మాటల్ని కూనిరాగం తీస్తూ పెరిగాను. ఒకే పాట విని ఇద్దరం రెండు పాటలు నేర్చుకున్నాం. ఇప్పటికీ మేమిద్దరం మాట్లాడుకునేటప్పుడు కుడి, ఎడమ అనం. నీ వైపు, నా వైపు అంటాం.

ఎర్రట్ట రికార్డులో ఆవిడ రెండో చరణం ముందు ఊపిరి పీల్చుకుంటుంది. పాట కాదు, ఊపిరి. గుండెల నిండా లాగి, ఒక్క క్షణం ఆపి, అప్పుడు అరుస్తుంది. ఆ ఊపిరి కోసం నేను ఆ రికార్డు ఎన్నిసార్లు వేశానో నాకే తెలియదు. ఆవిడ ఎవరిచేతనో దెబ్బతింది. ఆ మాటలకి అర్థం తెలియకపోయినా ఆ సంగతి నాకు పన్నెండేళ్ళప్పుడే తెలుసు. నేను దెబ్బ తిన్నది చాలా తర్వాత.

మా ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోయేటప్పుడు, "నువ్వు నాతో కన్నా ఆ గోలతోనే ఎక్కువ కాపురం చేశావు" అన్నాడు. నిజమే. ఆ గోల నన్ను వదిలిపోలేదు మరి. ఆ సాయంత్రం తమ్ముడు కిందికి వచ్చి, ఏమీ అడక్కుండా, ఎర్రట్ట రికార్డు వేసి హెడ్‌ఫోన్ పూర్తిగా నా తలకే పెట్టాడు. తన వైపు కూడా నాకే ఇచ్చేసి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

అలాంటివాడు.

అలాంటివాడని కరిగిపోతే ఎలా? దొంగ దొంగే.

మే 14

పైవాళ్ళు నీళ్ళ మోటారు ఆపడం లేదు. రోజంతా కుయ్‌మని ఒకటే మోత. కావాలనే చేస్తున్నారు. మెట్ల కింద నిలబడి, "మోటారు ఆపండి, ఇక్కడ మనుషులున్నారు!" అని అరిచాను. మరదలు కిటికీలోంచి తల బయటపెట్టి, "మోటారు వెయ్యనే లేదు వదినా" అంది. అబద్ధాలు ఆ ఇంట్లో అంటువ్యాధి అయిపోయాయి.

మే 16

కొత్త హెడ్‌ఫోన్ కొన్నాను. అదే తంతు.

ట్యూషన్ పిల్లలు లేని పూట చూసి స్పీకర్లు కూడా తగిలించాను. డ్రమ్ములూ ఆవిడా అందరూ వస్తున్నారు. కాబట్టి స్పీకర్లకు వెళ్ళే దారి బాగుంది, హెడ్‌ఫోన్ గుచ్చే చోటే కెలికాడు. స్పీకర్లు పెడితే పైన పిల్లల చదువు పాడవుతుందని మరదలు గోల చేస్తుంది, నేను హెడ్‌ఫోన్ తప్ప వాడనని వాడికి తెలుసు. ఎంత ఆలోచించి చేశాడో చూడు.

బజారులో రిపేరు చేసేవాడికి చూపించాను. అన్నీ విప్పి, మీటర్ పెట్టి చూసి, "ఇందులో ఏ లోపమూ లేదండీ" అన్నాడు. వాడికీ పని రాదు.

మే 19

షాపులో గొడవ. ఒకావిడ తన కూతురి ఫోటోకి చుట్టూ నల్ల అట్ట వెయ్యమందట, నేను తెల్లది వేశానట.

"నేను పక్కనే నిలబడి చెప్పానండీ, మీరు తల ఊపారు కూడా" అంది.

"నోట్లో నోట్లో గొణిగితే ఎవరికి వినపడుతుంది?" అన్నాను.

ఆవిడ ఫోటో లాక్కుని వెళ్ళిపోయింది. ఇంతకుముందు మనుషులు నోరు తెరిచి మాట్లాడేవాళ్ళు. ఇప్పుడందరికీ బద్ధకం. ఫోన్లు కూడా అంతే, ఎత్తగానే లైను చచ్చిపోయి ఉంటుంది.

గాజు కొయ్యడం మాత్రం సరిగ్గానే కోస్తున్నాను. నా చేతికి లోటేమీ లేదు.

మే 22

మరదలు వచ్చి గుమ్మంలో నిలబడింది. కొంగు చివర వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.

"వదినా, ఆయన మీతో ఏదో చెప్పాలట. మీరు ఒక్కసారి పిలిస్తే వస్తానంటున్నారు."

"ఏం చెప్పాలట?"

"నాకూ చెప్పలేదు వదినా. అడిగితే, అది అక్కే అడగాలి అంటారు."

"తప్పు చేసినవాడు వాడు, పిలవాల్సింది నేనా? మెట్లు పైకి ఎన్నున్నాయో కిందికీ అన్నే ఉన్నాయని చెప్పు మీ ఆయనకి."

ఆ పిల్ల నిట్టూర్చి వెళ్ళిపోయింది. మంచిదే. మొగుడి నోరు రాలేదు దానికి.

మే 23

పిలవలేదు.

మే 27

వాడూ రాలేదు. నేనూ పోలేదు. పైన బల్ల మీద దరువు వేస్తున్నాడు. పాట లేకుండా ఉత్త దరువు. నాకు వినపడాలనే వేస్తున్నాడు.

జూన్ 1

షాపులో ఫ్రేముల వెనక మేకులు కొట్టే ఆవిడ ఉంది కదా, నేను మేకులావిడ అంటాను. మాటలు కూడా అలాగే దింపుతుంది. ఇవాళ పని చేస్తూ చేస్తూ తలెత్తకుండానే అంది:

"మేడం, మీరీమధ్య ఫోన్ ఎడమ చెవికే పెట్టుకుంటున్నారేం? ఇదివరకు కుడిచెవికి పెట్టి, భుజంతో నొక్కిపెట్టి కొలతలు రాసుకునేవారు కదా."

"లైను బాగా లేకపోతే ఇటు మార్చుకుంటున్నాను."

"చెవి మారిస్తే లైను బాగవుతుందా మేడం?"

నీ పని చూసుకో అన్నాను. వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఎడమ చెవి దగ్గర వేళ్ళు రుద్దాను. బరబరా వినపడింది. కుడి చెవి దగ్గర రుద్దాను.

మళ్ళీ రుద్దాను.

జూన్ 2

జలుబు అయ్యుంటుంది. పడిశం పడితే చెవులు మూసుకుపోవడం ఉన్నదే.

జూన్ 4

ఆవిరి పట్టాను. చాలావరకు తగ్గింది.

జూన్ 6

తగ్గలేదు. ఏమీ తగ్గలేదు. నాకు నేనే అబద్ధాలు రాసుకుంటున్నాను, ఇంకెవరు చదువుతారని? ఆ కుయ్‌మనే మోత మోటారుది కాదు. షాపుకి వెళ్ళినా నాతో వస్తోంది.

భయంగా ఉంది.

జూన్ 10

ఆసుపత్రికి వెళ్ళాను. చెవుల పరీక్షకి గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టారు. అక్కడా హెడ్‌ఫోనే. చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమంది గాజు అవతలి అమ్మాయి. ఎడమ చెవికి టపటపా నొక్కుకుంటూ పోయాను. చిన్నప్పుడు బళ్ళో కూడా అంత చురుగ్గా జవాబులు చెప్పలేదు.

ఇప్పుడు కుడి చెవికి అని సైగ చేసింది. మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా మొదలుపెట్టలేదు. ఈ అమ్మాయి ఏదో రాసుకుంటోంది, రాసుకోవడం అయ్యాక పెడుతుంది కాబోలు అనుకున్నాను. కూర్చునే ఉన్నాను. ఆ అమ్మాయి లేచి వచ్చి, తలుపు తెరిచి, నా తల మీంచి హెడ్‌ఫోన్ తీసింది.

"అయిపోయిందమ్మా" అంది.

డాక్టరు నాకన్నా చాలా చిన్నవాడు. కాగితం చూసి, "ఎప్పటినుంచి?" అన్నాడు.

"ఈమధ్యే."

"ఈమధ్యంటే?"

"మే నెలలో. తొమ్మిదో తారీఖు."

కలం కింద పెట్టాడు. "నెల దాటిందమ్మా. ఇది కొందరికి ఉన్నట్టుండి వచ్చేస్తుంది. మొదటి వారంలో, కనీసం పది రోజుల్లో వచ్చుంటే, మందులకి వినికిడి ఎంతో కొంత తిరిగొచ్చే అవకాశం ఉండేది. ఇప్పుడూ రాస్తాను. కానీ మీరు పెద్దగా ఆశ పెట్టుకోకండి." మళ్ళీ కలం తీసి అన్నాడు: "ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

ఆంప్లిఫయర్ బాగుచేయిస్తున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పనులున్నాయన్నాను.

"ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"ఎవరూ లేరు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ ఆకులు కూడా చీటీ మీద రాసిచ్చారు, భోజనం తర్వాత వేసుకోమని.

జూన్ 11

ఎర్రట్ట రికార్డు వేశాను. నా వైపు ఖాళీ. తిప్పి పెట్టుకుంటే ఆవిడ ఒక్కతే వచ్చింది, వెనక మనుషులెవరూ లేకుండా. అంత గొంతూ వట్టి గదిలో ఎవరో ఏడుస్తున్నట్టుంది. తీసేశాను.

జూన్ 13

ఆసుపత్రి సంగతి మేకులావిడకి చెప్పడం నాదే తప్పు, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మరదలికి బజారులో కనిపించి అంతా చెప్పేసింది.

సాయంత్రం వాడు దిగి వచ్చాడు. నేను కూర్చోమనలేదు. వాడే కూర్చున్నాడు. బల్ల చెక్క గోకుతూ అన్నాడు:

"ఆ రోజే నాకు తెలిసిందక్కా."

"ఏ రోజు?"

"హెడ్‌ఫోన్ తిప్పి పెట్టాను చూడు, ఆ రోజే. ఎటు తిప్పినా నీకు కుడి చెవిలోదే పోతోంది. ఇక లోపం పెట్టెలో ఎలా ఉంటుంది?"

మే 11. డాక్టరు చెప్పిన వారం ఇంకా మొదట్లోనే ఉంది.

"తెలిస్తే చెప్పవేంరా?"

"చెప్పాను కదక్కా, చెవి పోయిందని."

"పోయేకాలం వచ్చిందన్నావు. అది చెప్పడమా, తిట్టడమా?"

"తిట్టే. నువ్వు దొంగన్నావు. అంతమంది ముందు, నాన్న పేరెత్తి మరీ అన్నావు. ఆ పిల్లల తల్లులు ఇప్పటికీ నన్ను అదోలా చూస్తున్నారు. నాక్కూడా రోషం ఉంటుంది కదా. నువ్వే పిలిచి అడిగితే అప్పుడు చెప్దామనుకున్నాను. మా ఆవిడతో కబురు కూడా పెట్టాను."

"నీ చెవి చూపించుకో అని ఒక్క ముక్క పెట్టలేకపోయావా ఆ కబురులో?"

తల దించుకున్నాడు. "నాలుగు రోజులు ఏడిపిద్దామనుకున్నానక్కా. ఏదో నీళ్ళు పోయుంటాయి, అదే తగ్గుతుందనుకున్నాను. ఇలా మొత్తానికి పోతుందని నాకు తెలియదు. ఒట్టు."

ఒక్క కడుపున పుట్టాం. పొగరు మాత్రం సగం సగం పంచుకోలేదు, ఎవరిది వాళ్ళం పూర్తిగా తెచ్చుకున్నాం. వాడు మెట్లు దిగలేదు, నేను ఎక్కలేదు. ఆ మెట్ల మధ్యలో నా చెవి పోయింది.

వాడు ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. క్షమించమని అంటాడని తెలుస్తూనే ఉంది. నేను బల్ల మీద మోచెయ్యి ఆనించి, ఎడమ చెంప అరచేతిలో పెట్టుకున్నాను. చూసేవాళ్ళకి దిగులుగా ఆలోచిస్తున్నట్టుంటుంది. అరచెయ్యి చెవిని గట్టిగా మూసేసింది. వాడు చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. ఏమన్నాడో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

వెళ్ళేటప్పుడు జేబులోంచి వేలెడంత ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. హెడ్‌ఫోన్‌కీ పెట్టెకీ మధ్య గుచ్చేది. చూడగానే అర్థమైంది: రెండువైపుల తీగలూ కలిపేసి ఒకే దారి చేశాడు, ఏ గిన్నెలో విన్నా మొత్తం పాట వచ్చేలా. అతుకులు నున్నగా వేశాడు. చేతిపని బాగానే ఉంటుంది వాడిది, ఎప్పుడూ.

జూన్ 14

ముట్టుకోలేదు.

జూన్ 15

అక్కడే ఉంది. బల్ల తుడుస్తూ దాని చుట్టూ తుడిచాను.

జూన్ 17

ఇవాళ షాపు సెలవు. మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసి, ఆ ముక్క గుచ్చి, ఎర్రట్ట రికార్డు వేశాను.

డ్రమ్ములు వచ్చాయి. బేస్ వచ్చింది. ఆ తర్వాత ఆవిడ వచ్చింది. నా వైపు కాదు, వాడి వైపు వచ్చింది. ఇదివరకులా నా పక్కన నిలబడి పాడటం లేదు. జనం నిండిన బస్సులో ఒక్క కాలి మీద నిలబడ్డట్టు ఆ డ్రమ్ముల మధ్యే ఇరుక్కుని పాడుతోంది. అయినా వచ్చింది. రెండో చరణం ముందు ఊపిరి పీల్చింది, నేనూ పీల్చాను. ఏడుపు ఆగలేదు. పాట అయిపోయినా ముల్లు ఎత్తలేదు, చివరి గీతలో అలా తిరుగుతూనే ఉంది. మళ్ళీ మొదటి నుంచి వేశాను. మళ్ళీ.

తలుపు కొట్టారేమో, వినపడలేదు. తలెత్తేసరికి మరదలు గదిలో నిలబడి ఉంది. హెడ్‌ఫోన్ మెడలోకి జార్చాను.

"ఆయన కనుక్కు రమ్మన్నారు వదినా" అంది. "నాలుగు రోజుల నుంచి సరిగ్గా తినడం లేదు. అది పనిచేస్తోందా అని అడగమన్నారు."

రికార్డు తిరుగుతూనే ఉంది. నా మెడ దగ్గర ఆవిడ సన్నగా అరుస్తూనే ఉంది. మరదలి కళ్ళు దాని మీదికి వెళ్ళి, నా మొహం మీదికి వచ్చాయి.

"లేదు" అన్నాను. "ఏమీ వినపడటం లేదని చెప్పు."